పద్నాలుగు వరుసల తోట

పెనెదూ ఊళ్ళో బెల్మిరోని పిలిచి తోట అప్పగించని ఇల్లు లేదు. అంటు కట్టడంలో అతన్ని మించినవాడు దావ్ నది లోయ మొత్తంలో లేడనేవారు. ముదురు ద్రాక్ష మోడును రంపంతో కోసి, నడినెత్తిన చీల్చి, ఆ చీలికలో రెండు కణుపుల పుల్లను దించి, నారతో బిగించేసరికి పక్కనున్నవాడు సిగరెట్టు చుట్టుకోవడం కూడా పూర్తయ్యేది కాదు. వందకి తొంభై ఆరు బతికేవి. పోయిన ఆ నాలుగింటికీ మట్టో, కురిసిన మంచో కారణం అయ్యుంటుంది గానీ తన చెయ్యి మాత్రం కాదని అతని గట్టి నమ్మకం.

తండ్రి అనిసెటో పోయాక తోట రెండు ముక్కలైంది. దిగువది బెల్మిరోకి, ఎగువ రాతిగుట్టను ఆనుకున్న పద్నాలుగు వరుసలు అక్క కుస్తోదియాకి వచ్చాయి. ద్రాక్ష తొక్కే రాతితొట్టీ, రెండు చెస్ట్‌నట్ చెక్క పీపాలూ ఆమె వాటాలోనే పడ్డాయి. ఆమె మొగుడు గనిలో దుమ్ము పీల్చి పీల్చి నలభై దాటకుండానే పోయాడు. ఒక్కగానొక్క కూతురు ఒదెత్ పెళ్ళయి ఫ్రాన్సులో, లియోన్‌లో ఉండేది. కుస్తోదియాకి ఆ తోటే లోకం.

అది అన్ని తోటల్లాంటిది కాదు. ఒకప్పుడు ఆ లోయలో తోటలన్నీ అలాగే ఉండేవి గానీ, చివరికి అదొక్కటే మిగిలింది. ఒక్క వరుసలో పది రకాలుండేవి. జాయెన్ పక్కన అల్ఫ్రొషైరో, దాని పక్కన బస్తార్దో, ఎర్రవాటి నడుమ ఎందుకుందో తెలియని ‘గొర్రెతోక’ అనే తెల్లది. వాటన్నిటి మధ్యా అక్కడొకటి, అక్కడొకటి ‘తెయ్మోజా’. అంటే మొండిది. పేరుకు తగ్గట్టే ఉండేది. ఊరంతా కోతలు ముగించుకుని బుట్టలు కడుక్కుని ఎండబెట్టుకునే రోజుకి కూడా దానికి రంగు తిరిగేది కాదు. కుస్తోదియా దానికోసం ఆగేది. అన్నీ కలిపి ఒకే తొట్టిలో తొక్కేది. ఆ వైన్ మొదటి ఏడాది నోట్లో పోసుకుంటే వగరుకి నాలుక తోలుముక్క అయిపోయేది. నాలుగో ఏట అదే వైన్, తొలకరికి తడిసిన బండ వాసనతో, అడవిచెర్రీ పులుపుతో, మింగాక కూడా చాలాసేపు గొంతులో కూర్చునేది. నల్లమట్టి కుండలో ముసలి మేకమాంసాన్ని ఆ వైన్‌లో ఆమె ఉడకబెట్టిందంటే పాదిరీగారు కూడా ఏదో పని కల్పించుకుని అటువైపు వచ్చేవారు.

అలాంటి రోజుల్లో ఊరి సహకార సంఘం ఒక నిర్ణయం చేసింది. ఇకమీదట రకానికి రకం విడిగా తెస్తేనే మంచి ధర. కలగాపులగం పళ్ళకి చివరి ధర. సంఘం రెండు రకాల పేర్లు చెప్పింది. ఊరు ఊరంతా బెల్మిరో గుమ్మం ముందు వరుస కట్టింది. ఎనిమిదేళ్ళలో అతను ఆ చుట్టుపక్కల పాత తోటలన్నిటినీ కోసి కొత్త రకాలకి మార్చేశాడు. సంఘం అధ్యక్షుడు సభలో అతని పేరు చెప్పి చప్పట్లు కొట్టించాడు. తోట మార్పించుకోమని బెల్మిరో అక్కకీ చెప్పాడు, ఒకసారి కాదు, పదిసార్లు.

"అక్కా, నీ పళ్ళు ఎవడూ కొనడు. వైన్ చేస్తే ఎంతమందికి పోస్తావు చెప్పు?"

"వచ్చినవాళ్ళకి పోస్తాను. నువ్వొస్తే నీకూ పోస్తాను. తాగి నోరు మూసుకో."

"నీ కప్పు కారుతోంది."

"నా కప్పు కారితే నా మీద కారుతుంది. నీకేంట్రా?"

అక్కడితో ఊరుకునేవాడేమో. కానీ ఆదివారం ప్రార్థన అయ్యాక ఊరి దుకాణంలో మగవాళ్ళంతా చేరినప్పుడు, గాడిదలకి లాడాలు కొట్టే కింతీనో అన్నాడు:

"ఏరా బెల్మిరో, ఊరందరి నెత్తులూ గొరిగావు గానీ మీ అక్క జడ మాత్రం నీ కత్తికి అందలేదే!"

అందరూ నవ్వారు. బెల్మిరో కూడా నవ్వాడు. ఇంటికొచ్చి కూర్చుని భోజనం సగంలో వదిలేశాడు. భార్య గ్లోరియా ఏమైందని అడిగితే ఉప్పెక్కువైందన్నాడు.

పందొమ్మిది వందల ఎనభై ఏడు ఫిబ్రవరిలో ఒదెత్‌కి కాన్పు కష్టమవుతుందని డాక్టర్లు చెప్పారు. కుస్తోదియా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి లోయ దాటి వెళ్ళింది. వెళ్ళేముందు తమ్ముడి చేతిలో తాళాలు పెట్టింది.

"కొమ్మలు కత్తిరించి పెట్టరా. మొండిదాన్ని మరీ పొట్టిగా కొయ్యకు, దానికి కోపమొస్తుంది. పందికి వేళకింత వెయ్యి. ఏప్రిల్‌కల్లా వచ్చేస్తాను."

"నువ్వు బెంగపెట్టుకోకక్కా. అన్నీ నేను చూసుకుంటాగా."

కత్తిరింపు నాలుగు రోజుల్లో అయిపోయింది. తర్వాత అతను వారం రోజులపాటు తోట గట్టుమీద కూర్చుని ఆలోచించాడు. అడిగితే ఒప్పుకోదు. చేసేస్తే తిడుతుంది, మూడేళ్ళకి పంట చేతికొచ్చి కప్పు బాగు చేయించుకున్నాక నవ్వుతుంది. ముసలితనంలో ఒంటరి ఆడది, మంచి చెయ్యకపోతే తమ్ముణ్ణెందుకు అనుకున్నాడు. కింతీనో మాట తనకి గుర్తే లేనట్టు తనకి తనే చెప్పుకున్నాడు. మార్చి మూడోవారంలో రంపం తీసుకుని పైకెక్కాడు.

పదకొండు రోజులు పట్టింది. వసంతంలో కోసిన మోడు నీరు కారుస్తుంది. తీగ ఏడుస్తోందంటారు అక్కడ. ఆ మాట అతను వెయ్యిసార్లు విన్నాడు, పట్టించుకున్నది లేదు. పద్నాలుగు వరుసలూ ఒకేసారి కారుతుంటే కింద మట్టి చిత్తడయింది. అతను బూట్లకంటిన బురద రాతికి గీకి దులుపుకుని పనిలో పడ్డాడు. తన జీవితంలో అంత శుభ్రంగా ఎప్పుడూ అంటు కట్టలేదనిపించింది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం కుస్తోదియా బస్సు దిగి, పెట్టె చేత్తో పట్టుకునే నేరుగా తోటకి వచ్చింది. అతను చివరి వరుసలో కట్లు చూసుకుంటున్నాడు.

"వచ్చావా అక్కా! పిల్లెలా ఉంది? మగపిల్లాడా?"

ఆమె మొదటి మోడు దగ్గర ఆగింది. కోసినచోట వేలు పెట్టి చూసింది. రెండోదాని దగ్గరికి, మూడోదాని దగ్గరికి నడిచింది. బండరాయి పక్కకి వెళ్ళి ఆగింది.

"ఇక్కడ మొండిది ఉండాలి."

"అన్నీ ఒకటే చేశానక్కా. మూడేళ్ళు ఆగి చూడు..."

"పద్నాలుగు వరుసలూనా?"

"సగం చేస్తే లాభమేముంది?"

ఆమె పెట్టె కింద పెట్టి, ఇంటివైపు చూసింది.

"గుమ్మం దగ్గర ఆ కట్టెలేంటి?"

"పాత మోళ్ళు. చలికాలం నీ పొయ్యిలోకి పనికొస్తాయని లావువి లావు, సన్నవి సన్నం పేర్చిపెట్టాను."

కుస్తోదియా కాసేపు తమ్ముడి మొహంలోకి చూసింది. చెయ్యి చాపింది.

"తాళాలివ్వండి," అంది.

సరిగ్గా వినలేదేమో అనుకున్నాడు. తనకన్నా ఆరేళ్ళు పెద్దది, చంకనెత్తుకుని పెంచిన అక్క. తాళాలు ఇచ్చాడు. "సంతోషం. మీరిక వెళ్ళొచ్చు," అంది. అతను గుట్ట దిగుతున్నంతసేపూ ఆ ‘మీరు’ వీపున రాయిలా తగులుతూనే ఉంది.

అతను చెప్పిందంతా జరిగింది, అందులో అబద్ధం లేదు. మూడో ఏటికి తోట విరగకాసింది. సంఘం పళ్ళు మొదటి ధరకి తీసుకుంది. కుస్తోదియా కప్పు బాగు చేయించుకుంది. కానీ వైన్ చెయ్యడం మానేసింది. రాతితొట్టిలో బంగాళాదుంపలు పోసుకునేది. మేకమాంసంలోకి దుకాణంలో కొన్న వైన్ పోసేది. పాదిరీగారికి అటువైపు పనులు లేకుండా పోయాయి. ఆ మోళ్ళ కట్టెలు ఆమె కాల్చలేదు, ఎవరికీ ఇవ్వలేదు. గుమ్మం పక్కనే వానకి నాని, పుట్టగొడుగులు మొలిచి, మట్టయిపోయాయి.

మాటలు లేకపోవడమంటూ లేదు. ఎదురుపడితే పలకరించేది. గ్లోరియా పోయినప్పుడు వచ్చి శవం పక్కన రెండు రోజులు కూర్చుంది. "సూప్ పంపిస్తాను, తాగండి. ఉత్త కడుపుతో పడుకోకండి," అంది. అన్నీ చేసేది. నువ్వు అని మాత్రం అనలేదు. దానికన్నా చెంప పగలగొట్టి ఉంటే బాగుండేదని అతను చాలాసార్లు అనుకున్నాడు.

ఇరవై రెండేళ్ళు గడిచాయి. బెల్మిరోకి డెబ్భై నిండాయి. ఒక అక్టోబరులో సొట్టలుపడ్డ వ్యాను ఒకటి అతని గుమ్మం ముందు ఆగింది. పాత ద్రాక్ష రకాల మీద పరిశోధన చేసే లిజియా అనే ఆవిడ దిగింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, గలగలా మాట్లాడే మనిషి.

"పెద్దాయనా, మీరు ఈ లోయంతా అంటు కట్టారటగా? ఏ తోటలో ఏం నరికారో మీకు తప్ప ఎవరికీ తెలీదంటున్నారు. నాకా లెక్క కావాలి."

ఆమె ఏ దురుద్దేశమూ లేకుండానే అంది. బెల్మిరో మాత్రం కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు: "తెయ్మోజా అని ఎక్కడైనా విన్నావా అమ్మా?"

ఆమె వినలేదు. వినలేదు కాబట్టే ఆమె కళ్ళు వెలిగాయి.

అలా ఇద్దరూ రెండు చలికాలాలు తిరిగారు. బెల్మిరో అప్పటిదాకా లోయ దాటింది సైన్యంలో చేరినప్పుడు మాత్రమే. పడమటి వైపు ‘బాగా’ అనే రకం పండించేవాళ్ళ దగ్గర ఆగారు. కాల్చిన పందిపిల్ల మాంసంతో ఆ వైన్ పోశారు. వగరుకి దవడ బిగుసుకుపోయింది. సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో తీగలు ఇసకలోనే పడుకుని కాస్తాయి. ఆ వైన్‌లో ఉప్పుగాలి తగిలింది. దక్షిణాన మనిషెత్తు మట్టికాగుల్లో పులియబెడుతున్నారు. ఎండకి మాగిన పళ్ళ తియ్యదనం, కాగు లోపల పూసిన మైనం వాసన. సరిహద్దు దాటి స్పెయిన్‌లోకి వెళ్తే, చిన్నప్పటినుంచీ తను జాయెన్ అని పిలిచిన తీగనే వాళ్ళు మెన్సియా అంటున్నారు. బెల్మిరో రాలకుండా మిగిలిన ఆకొకటి తిప్పి చూసి, "ఇది మనమ్మాయే. అత్తారింట్లో పేరు మార్చారు," అన్నాడు. లిజియా పగలబడి నవ్వింది.

రుచి చూసి ఉమ్మెయ్యాలని ఆమె నేర్పబోయింది. అతనికి చేతకాలేదు.

"మింగేస్తే ఎన్నని చూస్తారు పెద్దాయనా? ఉమ్మండి."

"మా నాన్న పైనుంచి చూస్తున్నాడమ్మా. తంతాడు."

కానీ తిరిగినకొద్దీ అతని మొహం వాడిపోతూ వచ్చింది. ప్రతి ఊళ్ళోనూ ఎవడో ఒక మొండివాడు, ఎవరో ఒక ముసలావిడ, అమ్ముడుపోని తీగని పట్టుకుని వేలాడుతూ ఉన్నారు. అడిగితే వాళ్ళేమీ గొప్పలు చెప్పలేదు. "అమ్మ నాటింది, పీకబుద్ధి కాలేదు," అన్నారు. ఒకరోజు వ్యానులో వస్తూ వస్తూ బెల్మిరో ఉన్నట్టుండి అన్నాడు:

"మా అక్క మంచికోసం చేశానని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. కాదమ్మా. దుకాణంలో ఒకడు నవ్వాడు. అందుకు చేశాను."

లిజియా వ్యాను నడుపుతూ పోయింది.

రెండో చలికాలం జనవరిలో మొండిది దొరికింది. పెనెదూకి రెండు కొండల అవతల, నాలుగిళ్ళ పల్లెలో, కోళ్ళగూడు మీద పందిరి వేసి ఉన్న నాలుగు ముదురు తీగలు. ఆకు లేదు. బెరడు చూసి, కణుపుల దగ్గరి వంపు చూసి బెల్మిరో టోపీ తీసేశాడు. ఆ ఇంటి ముసలాయన జెఫెరీనో పళ్ళులేని నోటితో నవ్వాడు.

"మేం దాన్ని ‘పెనెదూది’ అంటాం. యుద్ధం రోజుల్లో గని పనికని మీ ఊరివాడొకడు వచ్చాడు. మా అమ్మ పడుకోడానికి చోటిచ్చింది. వెళ్ళేటప్పుడు కట్ట పుల్లలిచ్చాడు. అనిసెటో అని పేరు."

అది తన తండ్రి పేరని చెప్పి బెల్మిరో ఒక కట్ట పుల్లలు అడిగి తీసుకున్నాడు.

ఫిబ్రవరిలో ఆ పుల్లలు తడిగుడ్డలో చుట్టుకుని అక్క గుమ్మంలో నిలబడ్డాడు. కుస్తోదియాకి అప్పటికి డెబ్భై ఎనిమిదేళ్ళు. గుడ్డ విప్పి చూసింది. వెంటనే గుర్తుపట్టింది.

"నీ తోటలో కట్టనివ్వక్కా. నీకు ఇష్టమైతేనే."

"అడుగుతున్నారే! అప్పుడు అడగకుండా చేసినవాళ్ళు ఇప్పుడెందుకు అడగడం?"

ఆమె గుడ్డ మళ్ళీ చుట్టి, పుల్లలు ఎండిపోకుండా నీళ్ళు చల్లి, తన దగ్గరే ఉంచుకుంది. మర్నాడు కబురు పంపింది: ఒక్క వరుస, బండరాయి పక్కది.

ఆ అంటులు పట్టాయి. మూడేళ్ళ తర్వాత తొలి పంట చేతికొచ్చింది. రాతితొట్టిలోంచి బంగాళాదుంపలు తీసి కడిగారు. చిన్న పీపాకి సరిపోయేంత వైన్ అయింది. రెండేళ్ళు ఆగారు. ఆ రెండేళ్ళూ బెల్మిరో పీపా దగ్గరికి వెళ్ళి చెవి ఆనించి, ఏదో వినపడుతుందన్నట్టు కూర్చునేవాడు. తెరిచిన రోజు లిజియా కూడా వచ్చింది. మొదటి గ్లాసు కుస్తోదియాకి ఇచ్చారు.

ఆమె వాసన చూసింది. ఒక గుక్క తాగింది. కళ్ళు మూసుకుని ఇంకో గుక్క తాగింది.

"బాగుంది," అంది. "చాలా బాగుంది. మీరు కష్టపడ్డారు."

బెల్మిరో ఆమె మొహంలోకే చూస్తున్నాడు. "నాన్న వైన్ కాదా?"

"కాదు."

"అదే తీగక్కా! నాన్న చేత్తో ఇచ్చిందే. లిజియా పరీక్ష కూడా చేయించింది."

"తీగ అదే. నాన్న ఎప్పుడైనా దీన్నొక్కదాన్నే తొక్కాడా? మొండిదాని వగరు విరవడానికి పక్కన బస్తార్దో పెట్టేవాడు. రంగు తక్కువైన చోట అల్ఫ్రొషైరో. గొర్రెతోక లేకపోతే దీనికి వాసన విచ్చుకోదు. ఏ వరుసలో ఏది, ఏ బండకి ఏది, ఎన్ని, అదంతా కలిస్తే ఆ వైన్."

లిజియా గ్లాసు కింద పెట్టేసింది. "మీకు గుర్తుందా అమ్మమ్మా? ఏది ఎక్కడుండేదో?"

"అయిదో ఏటినుంచీ ఆ తోటలో కొమ్మలు ఏరాను. గుర్తుండక ఏం?"

"మరి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదా?"

కుస్తోదియా తమ్ముడివైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"నరికేముందు అడగలేదు. వెతకడానికి వెళ్ళేముందూ అడగలేదు. దేశాలన్నీ తిరిగొచ్చారు. నేను ఈ కుర్చీలోనే ఉన్నాను."

ఆ మాట బెల్మిరోని పడుకోనివ్వలేదు. తనకి తెలిసిన రకాలన్నీ లిజియా వాళ్ళ నారుమళ్ళలో దొరుకుతాయి. కొన్ని లోయలోనే దొరుకుతాయి. పోయింది తీగ కాదు, పోయింది ఆ తోట అమరిక. దాన్ని తను పదకొండు రోజుల్లో చెరిపేశాడు. అది రాసి ఉన్న ఒకే ఒక పుస్తకం తన ఇంటికి రెండొందల గజాల దూరంలో, పాతికేళ్ళకి పైగా బంగాళాదుంపలు వలుచుకుంటూ కూర్చుంది.

ఆ చలికాలం నుంచీ రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్ద కాగితం చంకన పెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళేవాడు. ఆమె పొయ్యి పక్కన కూర్చుని చెప్పేది. అతను గీసేవాడు.

"మొదటి వరుస. గట్టునించి లెక్క. జాయెన్, జాయెన్, బస్తార్దో, మళ్ళీ జాయెన్. అయిదోది మొండిది. ఆ, ఉండండి, ఆరోది చచ్చిపోతే నాన్న తెల్లది పెట్టాడు. నేను రాళ్ళు మోశాను. మీరప్పటికి పాకేవారు, మట్టి తిన్నారు."

"నేనా?"

"మీరే. నోట్లో వేలు పెట్టి తీశాను. కరిచారు."

ఇద్దరూ నవ్వారు. అతను నవ్వుతూనే కాగితం మీదికి వంగిపోయాడు. ఆమె గమనించి, ఏడో చెట్టు పేరు చెప్పకుండా ఆగింది, అతను కలం సర్దుకునేదాకా.

కొన్ని రోజులు ఒక్క వరుస కూడా పూర్తయ్యేది కాదు. ఆమె అలిసిపోయేది. కొన్ని రోజులు నిన్న చెప్పింది తప్పని మళ్ళీ మొదలుపెట్టించేది. అతను తొందరపెట్టలేదు. జీవితంలో మొదటిసారి, ఒక తోట గురించి తనకేమీ తెలియదన్నట్టు కూర్చుని విన్నాడు. నాలుగో వరుసలో చలికి ఆగే రకాలు కింద, ఆలస్యంగా పండేవి రాతి వేడి తగిలేలా పైన తండ్రి పెట్టాడని విన్నాక గానీ, ఆయన ఎంత ఆలోచించి నాటాడో అతనికి తెలియలేదు. తను ఆ ఆలోచనని కట్టెలుగా పేర్చాడు.

తొమ్మిదో వరుస పూర్తయ్యేసరికి ఈస్టర్ ముందరి ఉపవాసాల రోజులు వచ్చాయి. కుస్తోదియాకి దగ్గు పట్టుకుంది. "పదోది రేపు చూద్దాం. పదోదాంట్లో ఒక తికమక ఉంది," అంది. రేపు జ్వరం. ఎల్లుండి ఆసుపత్రి. లియోన్ నుంచి ఒదెత్ వచ్చేసరికి ఇంకో నాలుగు రోజులే మిగిలాయి. బెల్మిరో మంచం పక్కన కూర్చునేవాడు. కాగితం తీసుకెళ్ళలేదు. ఒదెత్ ఒకసారి, "మావయ్యా, అడగండి, అమ్మ తెలివిలోనే ఉంది," అంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆయాసపడుతున్న మనిషిని ఇంకా ఏదో ఇమ్మని అడగడానికి అతనికి నోరు రాలేదు. కుస్తోదియా ఈస్టర్‌కి ముందు గురువారం పోయింది.

ఒదెత్ తోట అమ్మలేదు. "మీరున్నన్నాళ్ళూ మీ ఇష్టం మావయ్యా," అని ఫ్రాన్సుకి వెళ్ళిపోయింది. లిజియా రకాలన్నీ సమకూర్చడానికి రెండేళ్ళు పట్టింది. బెల్మిరోకి అప్పటికి ఎనభై. మోకాళ్ళ మీద కూర్చుంటే లేవలేడు. లిజియా మోడు పట్టుకుంటే అతను చీల్చేవాడు. కాగితం ప్రకారం తొమ్మిది వరుసలు కట్టాడు. ఒక్కో మోడు దగ్గర అక్క చెప్పిన మాట గట్టిగా చదివి, ఆ తర్వాతే కత్తి పెట్టేవాడు.

పదో వరుస నుంచి పద్నాలుగో వరుస దాకా ఎనభై ఏడులో తను కట్టినవే అలాగే ఉన్నాయి. బాగా కాస్తాయి. చూడటానికొచ్చినవాళ్ళు, మిగతావి కూడా ఏదో ఒకలా కలిపి కట్టెయ్యొచ్చుగా, ఎవరికి తెలుస్తుంది అంటారు.

"నాకు తెలీదు కాబట్టే ముట్టుకోను," అంటాడు బెల్మిరో.